ఫోన్ లెక్కలో మీ ఇంట్లో పిల్లలు లేరు

నాలుగో తరగతి పాప ఒకతె నాన్న ఫోన్‌లో బొమ్మల వీడియోలు చూస్తూ అన్నం తింటోందనుకోండి. ఆ ఫోన్‌లో గూగుల్ ఖాతా నాన్నది. సిమ్ నాన్న పేరు మీద ఉంది. ఇన్‌స్టాగ్రామ్ కూడా నాన్నదే. ఖాతా తెరిచిన రోజున పుట్టిన సంవత్సరం దగ్గర కొట్టిన 1984 ఇంకా అలాగే ఉంది. కాబట్టి ముద్దకీ ముద్దకీ మధ్య కుందేలు పాట చూస్తున్నది నలభై దాటిన మగమనిషని ఫోన్ నమ్ముతోంది. ఏ ప్రకటన వేయాలి, తర్వాత ఏ వీడియో ఎక్కించాలి, ఎవరి మెసేజ్‌ని లోపలికి రానివ్వాలి అన్నవన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తాయి. పాప ఆ లెక్కలో ఎక్కడా లేదు.

పిల్లల్ని ఆన్‌లైన్‌లో ఎలా కాపాడుకోవాలని అడగ్గానే సెట్టింగుల జాబితా ఒకటి చేతిలో పెడతారు. జాబితాలు మంచివే. కానీ కోర్టులూ ప్రభుత్వాలూ వెంటపడి కంపెనీల చేత పెట్టించిన రక్షణలు చాలావరకు ఒకే ప్రశ్న మీద ఆధారపడి పనిచేస్తాయి: ఎదురుగా ఉన్నది పిల్లలా, పెద్దవాళ్లా? దానికి తప్పు జవాబు వెళ్తే మిగతా ఏర్పాటంతా ఉండీ లేనట్టే. మిగతా దేశాల్లో పిల్లలు వయసు దగ్గర అబద్ధం చెప్పడం గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. మన దగ్గర అబద్ధం చెప్పాల్సిన అవసరమే ఉండదు. ఒకే ఫోన్‌ని ఇంటిల్లిపాదీ వాడతాం, అంతే.

పల్లెల్లో పిల్లల చదువుల మీద ప్రథమ్ సంస్థ తెచ్చే ‘అసర్’ నివేదికలో 2024 అంకెలు చూడండి. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. అలా వాడటం వచ్చిన 14 ఏళ్ల పిల్లల్లో సొంత ఫోన్ ఉన్నది 27 శాతానికే. 16 ఏళ్లకి వచ్చేసరికి అది 38 శాతం దాకా పెరుగుతుంది. మిగిలినవాళ్ల చేతిలో ఉన్నది అమ్మదో, నాన్నదో, అన్నయ్యదో. సర్వేకి ముందు వారంలో ఫోన్‌ని చదువు పనికి వాడినవాళ్లు 57 శాతమైతే, సోషల్ మీడియాకి వాడినవాళ్లు 76 శాతం. ఆ సోషల్ మీడియా వాడేవాళ్లలో ఒకర్ని బ్లాక్ చేయడమో ఫిర్యాదు చేయడమో తెలిసినవాళ్లు 62 శాతం, తమ ప్రొఫైల్‌ని ప్రైవేటుగా పెట్టుకోవడం తెలిసినవాళ్లు 55 శాతం.

ఈ వయసు లెక్క ఎక్కడ మొదలైందో తెలిస్తే దాని బలహీనత కూడా అర్థమవుతుంది. ఏ యాప్ చూసినా ‘13 ఏళ్లు నిండాలి’ అని ఉంటుంది కదా. అది మనస్తత్వ శాస్త్రం తేల్చిన వయసేమీ కాదు. 1998లో అమెరికా ‘కొప్పా’ అనే చట్టం చేసింది. 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంది. 2000 నుంచి అది అమల్లోకి వచ్చింది. అనుమతులు అడగడం ఖర్చుతో కూడిన పని కాబట్టి కంపెనీలు సులువైన దారి పట్టాయి: 13 లోపువాళ్లు మా దగ్గరికి రాకూడదని ఒక వాక్యం రాసి, వచ్చినవాళ్లని రాలేదనుకున్నాయి. వివరాల సేకరణ కోసం గీసిన గీత అది. పన్నెండేళ్ల పదకొండు నెలలకి లేని వివేకం ఇంకో నెలకి వస్తుందని ఎవరూ రుజువు చేయలేదు.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ గీతని 18కి జరిపింది. పద్దెనిమిది నిండనివాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, అది నిర్ధారించుకోదగ్గదై ఉండాలి. పిల్లల్ని వెంటాడి వాళ్ల అలవాట్లు గమనించడం, వాళ్లకి గురిపెట్టి ప్రకటనలు వేయడం కూడదు. మాటలు గట్టివే. కానీ నాన్న ఖాతాలో కూర్చున్న పాపకి ఇందులో ఏ ఒక్కటీ అందదు. చట్టం దృష్టిలో కూడా అక్కడున్నది నాన్నే.

యూట్యూబ్ సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. పిల్లల వివరాలు అనుమతి లేకుండా సేకరించిందన్న ఆరోపణ మీద గూగుల్ 2019లో అమెరికాలో 17 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ మరుసటి ఏడాది నుంచి ‘పిల్లల కోసం చేసినది’ అన్న ముద్ర వీడియోల మీద పడింది. ముద్ర ఉన్న వీడియో కింద కామెంట్లు ఉండవు, గురిపెట్టిన ప్రకటనలు రావు. గమనించారా, రక్షణ ఇక్కడ వీడియోకి అతుక్కుంది, చూసే మనిషికి కాదు. పాప కుందేలు పాట చూస్తున్నంతసేపూ అది ఉంటుంది. పాట అయిపోయి, పక్కన కనిపించిన మరో బొమ్మ నొక్కి, ముద్ర లేని వీడియోలోకి వెళ్లగానే అది తెగిపోతుంది. అక్కణ్నుంచి వచ్చేవి నాన్న నిన్న రాత్రి చూసిన వాటి చుట్టాలు.

సరే, ఖాతా నిజంగా పిల్లలదే అయితే ఏం మారుతుంది? చాలానే. ఇన్‌స్టాగ్రామ్ 2024 సెప్టెంబరులో టీన్ అకౌంట్లు తెచ్చింది, ఆ తర్వాత మన దేశానికీ వచ్చాయి. 18 నిండని ఖాతా దానంతటదే ప్రైవేటు అయిపోతుంది. తెలియనివాళ్లు మెసేజ్ పెట్టలేరు. రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా నోటిఫికేషన్లు మూగబోతాయి. పదహారు లోపువాళ్లు వీటిని సడలించుకోవాలంటే అమ్మానాన్నలు ఒప్పుకోవాలి. నగ్నచిత్రం ఏదైనా మెసేజ్‌లో వస్తే మసకబార్చి, ‘చూస్తావా, వద్దా’ అని అడుగుతుంది. పంపబోయినా ఆగి ఆలోచించమంటుంది. పిల్లల పేరిట ఖాతా ఉన్న ఐఫోన్లలోనూ ఇలాంటి ఏర్పాటుంది.

ఈ మసకబార్చడం ఎలా జరుగుతుందో చెప్పుకోవాలి, ఎందుకంటే ‘అయితే మా పిల్లల ఫొటోలన్నీ కంపెనీ చూస్తోందా’ అన్న అనుమానం న్యాయమైనదే. చూడదు. లక్షల చిత్రాలతో ముందుగా తర్ఫీదు ఇచ్చిన చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఫోన్‌లోనే కూర్చుని ఉంటుంది. వచ్చిన బొమ్మని అక్కడికక్కడే చూసి, ఇది నగ్నచిత్రం అయ్యే అవకాశం ఎంత అని ఒక అంకె ఇస్తుంది. అంకె హద్దు దాటితే తెర మసకబారుతుంది. ఈ పరీక్ష కోసం బొమ్మ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్లదు. సందేశం మధ్యలో ఎవరూ చదవలేనట్టు తాళం పడి వచ్చినా సరే, తాళం తీసేది మీ ఫోనే కాబట్టి తీశాక చూడగలదు. పొరపాట్లు చేస్తుంది, ఈత కొలను ఫొటోని చూసి కంగారుపడొచ్చు. అయినా పనికొచ్చే కంగారే అది.

ఇక్కడ ‘మా వాడు తెలివైనవాడు, అలాంటి ఫొటోలు ఎందుకు పంపుతాడు’ అనే తల్లిదండ్రులుంటారు. తెలివి సంగతి కాదిది. 2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే అమెరికన్ పరిశోధకులు 306 మందితో కారు ఆట ఒకటి ఆడించారు. తెర మీద కారు వెళ్తుంటుంది, పసుపు దీపం పడుతుంది, ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు, కానీ ఎప్పుడో ఒకప్పుడు గోడ అడ్డం వస్తుంది. ఆపుతావా, పోతావా? ఒంటరిగా ఆడినప్పుడు 13-16 ఏళ్ల పిల్లలకీ, 24 దాటిన పెద్దలకీ పెద్ద తేడా లేదు. పక్కన ఇద్దరు స్నేహితుల్ని నిలబెట్టి ఆడించేసరికి పెద్దవాళ్లలో మార్పు రాలేదు, పిల్లల సాహసం మాత్రం ఇంచుమించు రెట్టింపైంది. ప్రమాదం ఏదో పిల్లలకి తెలుసు. నలుగురు చూస్తున్నప్పుడు ఆ తెలిసింది చేతి దాకా రాదు.

ఆ నలుగురూ ఇప్పుడు జేబులో ఉంటున్నారు. 2016లో లాస్ ఏంజెలెస్‌లో లారెన్ షెర్మన్ బృందం 32 మంది కౌమార వయస్కుల్ని ఎంఆర్ఐ యంత్రంలో పడుకోబెట్టి, ఇన్‌స్టాగ్రామ్ లాంటి తెర మీద ఫొటోలు చూపించింది. లైకుల అంకెలు పరిశోధకులు తామే వేసినవి. ఒకే ఫొటోకి కొందరికి ఎక్కువ లైకులు చూపారు, కొందరికి తక్కువ. ఎక్కువ లైకులు కనబడితే పిల్లలూ లైక్ కొట్టారు. తమ సొంత ఫొటోకి లైకులు కురిసినట్టు చూసినప్పుడు మెదడులో బహుమతికి స్పందించే భాగం వెలిగింది. మరో విషయం నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది: సిగరెట్, మందు లాంటి ఫొటోలు చూస్తున్నప్పుడు, తమని తాము అదుపులో పెట్టుకోవడానికి తోడ్పడే భాగాల్లో చురుకు తగ్గింది. ‘ఆలోచించి పంపాలి కదరా’ అని తర్వాత మనం అడిగే ప్రశ్న, ఆ క్షణంలో సగం నిద్రలో ఉన్న మెదడుని అడుగుతున్న ప్రశ్న.

ఇక అవతలి మనిషి సంగతి. పిల్లల్ని వలలో వేసుకునేవాళ్లంటే చిన్నపిల్లాడిలా వేషం వేసుకొచ్చే ముసలాడని మన ఊహ. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో జానిస్ వోలక్, డేవిడ్ ఫింకెల్హార్ బృందం అమెరికాలో నమోదైన కేసుల్ని తిరగేసి 2008లో రాసిన వ్యాసం ఆ ఊహని చాలావరకు కొట్టేసింది. పరిచయం లైంగిక నేరం దాకా వెళ్లిన కేసుల్లో, తాము కూడా పిల్లలమేనని నటించినవాళ్లు సుమారు ఇరవై మందిలో ఒకరే. బాధితుల్లో ఎక్కువమంది పసిపిల్లలు కారు, పదమూడు దాటినవాళ్లు. అవతల ఉన్నది పెద్దవాడని వాళ్లకి తెలుసు. తమని పట్టించుకునే పెద్దమనిషి, ఇంట్లో ఎవరూ వినని సంగతులు వినే మనిషి దొరికాడనుకున్నారు. ‘తెలియనివాళ్లతో మాట్లాడకు’ అన్న జాగ్రత్త ఇక్కడ ఎందుకు పారదంటే, మూడు వారాలు రోజూ మాట్లాడినవాడు పిల్లల లెక్కలో తెలియనివాడు కాడు.

ఆ మూడు వారాల్లో ఏం జరుగుతుందో బ్రిటన్‌లో రేచెల్ ఓకానెల్ అనే పరిశోధకురాలు 2003లోనే వరస కట్టి చెప్పింది. చాట్ రూముల్లో తనే చిన్నపిల్లలా కూర్చుని గమనించింది. ఆమె చెప్పిన మెట్లు మన భాషలో, మన గేముల్లో దాదాపు ఇలా వినిపిస్తాయి. ‘నీ గేమ్ సూపర్ రా, మా టీమ్‌లోకి రా.’ ఇది స్నేహం. ‘ఏ స్కూలు? నాన్న ఏం చేస్తారు? ఈ రోజు డల్‌గా ఉన్నావేంటి?’ ఇది చనువు. తర్వాత మామూలుగా అడిగినట్టే ఒక మాట వస్తుంది: ‘ఈ ఫోన్ నీదేనా, ఇంట్లోవాళ్లదా? చాట్లు ఎవరైనా చూస్తారా?’ ఆ తర్వాత, ‘ఇక్కడ నెట్ సరిగా రావట్లేదు, వాట్సాప్‌లోకి వచ్చెయ్.’ ఆపైన, ‘నీకొక్కడికే చెప్తున్నా, ఎవరికీ చెప్పకు.’ ఫొటో అడగడం వీటన్నిటి తర్వాత.

ఫోన్ ఎవరిదన్న ఆ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. ఓకానెల్ దాన్ని అపాయం తూచుకునే మెట్టు అంది. అపాయం అంటే తనకి. నాన్న ఫోన్ అని తెలిస్తే అక్కడే జారుకోవచ్చు. అంటే ఇంతసేపూ నేను తిట్టిన ఉమ్మడి ఫోన్‌కి ఒక మంచి గుణం ఉంది. ఉమ్మడి ఫోన్‌లో పిల్లలు యంత్రానికి కనపడరు, ఇంట్లోవాళ్లకి కనపడతారు. సొంత ఫోన్ కొనిచ్చిన రోజున ఇది తిరగబడుతుంది: ఖాతా సరిగ్గా తెరిస్తే యంత్రానికి కనపడతారు, గది తలుపు వేసుకుంటే ఇంట్లోవాళ్లకి కనపడరు. మన ఇళ్లలో ఎక్కువగా జరిగేది మూడోది, అన్నిటికన్నా చెడ్డది. పదో తరగతి అవ్వగానే నాన్న తన పాత ఫోన్‌ని తన ఖాతాతో సహా ఇచ్చేస్తాడు. ఇంటర్ హాస్టల్‌కి వెళ్లేటప్పుడు అదే సంచిలోకి చేరుతుంది. ఇక పిల్లాడు యంత్రానికీ కనపడడు, ఇంటికీ కనపడడు.

ఇప్పుడు బెదిరింపు నేరాలు. వీటిలో మాత్రం వేషం ఉంటుంది, వారాల సాగదీతా ఉండదు. అందమైన అమ్మాయి ఫొటోతో రిక్వెస్టు, ఓ గంట కబుర్లు, వీడియో కాల్. అవతల నడిచేది ముందే రికార్డు చేసిన వీడియో. ఇటు పిల్లాడి ముఖం, ఒళ్లు రికార్డవుతాయి. వెంటనే అతని స్నేహితుల జాబితా స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు: ‘వీళ్లందరికీ వెళ్తుంది, అయిదు వేలు వెయ్యి.’ అమ్మాయిల మీద ఫొటోల కోసం, అబ్బాయిల మీద డబ్బు కోసం ఈ ఎత్తు ఎక్కువగా పారుతోంది. అసలు ఏ ఫొటో పంపకపోయినా సరే, ప్రొఫైల్‌లో ఉన్న ముఖం తీసుకుని కృత్రిమ మేధతో నగ్నచిత్రం తయారుచేసి బెదిరించడం ఇప్పుడు నిమిషాల పని.

ఈ వ్యాపారం మొత్తం ఒక్క భయం మీద నడుస్తుంది: ‘ఇంట్లో తెలిస్తే చంపేస్తారు.’ నేరగాడి చేతిలో ఉన్న ఫొటో కంటే, ఇంట్లో ఏమవుతుందోనని పిల్లల తలలో ఉన్న ఊహే అతనికి ఎక్కువ డబ్బు తెస్తుంది. అందుకే తెలివైనవాళ్లు కూడా మొదటి అయిదు వేలు కడతారు, అవతలివాళ్లు వెంటనే ఇంకో పదివేలు అడుగుతారు. కట్టినవాడు మళ్లీ కడతాడని తెలిసిపోయింది కదా. ‘ఇలాంటిది ఏదైనా జరిగితే ముందు నాకు చెప్పు, తిట్లుంటే తర్వాత చూసుకుందాం, ఫోన్ మాత్రం లాక్కోను’ అని జరగకముందే, మామూలు రోజున, కూరగాయలు తరుగుతూ చెప్పి పెట్టిన మాట ఏ సెట్టింగూ చేయలేని పని చేస్తుంది. చివరి ముక్క ముఖ్యం. ఫోన్ పోతుందన్న భయంతో నోరు మూసుకునే పిల్లలు చాలామంది.

భయపెట్టడానికి మాత్రం మన వాట్సాప్ గ్రూపులు ఎప్పుడూ సిద్ధం. 2017లో బ్లూవేల్ అన్నారు, తర్వాత మోమో అన్నారు. ఊరూవాడా హెచ్చరికలు తిరిగాయి. పిల్లల్ని చంపే ఆట అంటూ ప్రచారమైన ఆ రెండింటికీ ఆధారాలు వెతికితే దొరికింది చాలా తక్కువ. మోమో బొమ్మ అయితే జపాన్‌లో ఒక శిల్పి చేసిన విగ్రహం ఫొటో. భూతం కోసం ఫోనంతా వెతికిన తల్లిదండ్రులు ‘టీమ్‌లోకి రా’ అన్నవాడిని పట్టించుకోలేదు.

ఒకసారి బయటికి పోయిన ఫొటో వెనక్కి రాదు అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు, దీని వెనక ఉన్న లెక్క చక్కటిది. కంప్యూటర్లో ఏ ఫైలుకైనా ‘హ్యాష్’ అనే గుర్తు లెక్కగట్టొచ్చు. మామూలు హ్యాష్‌తో ఒక చిక్కుంది: ఫొటోలో ఒక్క చుక్క మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గుతుంది, ఇక పోలికే ఉండదు. 2009లో మైక్రోసాఫ్ట్, అప్పట్లో డార్ట్‌మత్ కాలేజీలో పనిచేస్తున్న హనీ ఫరీద్ కలిసి ‘ఫొటోడీఎన్ఏ’ తయారుచేశారు. అది ముందు ఫొటోలో రంగులు తీసేసి నలుపు తెలుపు చేస్తుంది. ఒకే సైజుకి తెస్తుంది. గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో వెలుతురు ఎటు నుంచి ఎటు పెరుగుతోంది, ఎటు తగ్గుతోంది అని కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఫొటో మొత్తానికి 144 అంకెలు మిగులుతాయి. రంగులు మార్చినా, వాకిలిని బట్టి చిన్నదిగా వేసినా, చుక్కల వరస చూసి ఇది ఫలానా ముగ్గని అమ్మమ్మ పోల్చుకుంటుంది కదా, ఇదీ అంతే. ఆ అంకెల్లోంచి ఫొటోని ఉన్నదున్నట్టు తిరిగి గీయడం మాత్రం కుదరదు.

ఈ తరహా లెక్కతోనే అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ నడుపుతోంది. మన దేశం నుంచీ వాడుకోవచ్చు, పేరు చెప్పక్కర్లేదు. పిల్లలు తమ ఫోన్‌లోనే ఆ ఫొటోని ఎంచుకుంటారు. హ్యాష్ అక్కడే తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే బయటికి వెళ్తుంది, ఫొటో వెళ్లదు. ఇందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటివి తమ దగ్గర అదే గుర్తున్న ఫొటో కనిపిస్తే తీసేస్తాయి, కొత్తగా ఎక్కించబోతే ఆపుతాయి. తాళం వేసి నడిచే చాట్లలో ఇది పనిచేయదు, బాగా కత్తిరించి మార్చిన ఫొటో తప్పించుకోవచ్చు. అయినా ‘మీవాళ్లందరికీ కనపడేట్టు పోస్ట్ చేస్తా’ అన్నవాడి చేతిలో ఉన్న పెద్ద ఆయుధానికి ఇది పదును తీసేస్తుంది.

మన వైపు నుంచి జరిగే పని ఒకటుంది, చెప్పకపోతే అన్యాయం. పిల్లల ఫొటోలు ఎక్కువగా పెట్టేది పిల్లలు కాదు, మనమే. 2024 జులైలో తెలుగు రాష్ట్రాల్లో పెద్ద దుమారం రేగింది. ఒక తండ్రీ చిన్నారి కూతురూ ఉన్న వీడియో మీద కొందరు యూట్యూబ్‌లో కూర్చుని అసభ్యంగా జోకులేసుకున్నారు. ఒక తెలుగు నటుడు ముఖ్యమంత్రులని ట్యాగ్ చేసి బయటపెట్టాక తెలంగాణ పోలీసులు కేసు పెట్టి అరెస్టు చేశారు. మనం మురిపెంగా పెట్టిన వీడియోని ఏ కళ్లు ఎలా చూస్తాయో మన చేతిలో లేదని ఆ నాలుగు రోజులూ అందరికీ అర్థమైంది. తర్వాత బర్త్‌డే రీల్స్ యథావిధిగా మొదలయ్యాయి. స్కూల్ బ్యాడ్జి, బస్సు నంబరు, ఇంటి ముందు బోర్డు ఫొటోలో పడకుండా చూసుకోవడం పెద్ద కష్టం కాదు. ఫొటో ఫైలులో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండొచ్చు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే అది చెరిగిపోతుంది, ‘డాక్యుమెంట్’గా పంపితే అలాగే వెళ్తుంది. చాలామంది క్లారిటీ పోకూడదని డాక్యుమెంట్‌గానే పంపుతారు.

మరి ఇంట్లో ఏం చేయాలి? ముందు పిల్లల్ని యంత్రానికి కనపడేట్టు చేయాలి. సొరుగులో పడున్న పాత ఫోన్ ఉంటే దాన్ని మొత్తం చెరిపేసి, పిల్లల అసలు పుట్టినరోజుతో ఖాతా తెరిచి, గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో మీ ఖాతాకి జతచేయండి. సిమ్ అక్కర్లేదు, హాట్‌స్పాట్ చాలు. ఏ యాప్ పెట్టాలన్నా మీ ఫోన్‌కి అనుమతి అడుగుతుంది. వేరే ఫోన్ లేకపోతే, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండో యూజర్‌ని పెట్టుకునే వీలుంది. అదీ లేకపోతే యూట్యూబ్ కిడ్స్ యాప్‌లో మీరు ఎంచిన చానెళ్లే కనపడేట్టు పెట్టి, ఫోన్‌ని ఆ యాప్‌కే పిన్ చేసి ఇవ్వండి. పిన్ చేసిన తెర నుంచి బయటికి రావాలంటే లాక్ అడిగేట్టు పెట్టుకోవచ్చు. యూట్యూబ్ కిడ్స్‌ని కూడా కళ్లు మూసుకుని నమ్మక్కర్లేదు. 2017లో స్పైడర్‌మ్యాన్, పెప్పా పిగ్ బొమ్మల వేషంలో భీకరమైన వీడియోలు దాంట్లోకి దూరి పెద్ద గొడవైంది. అందుకే ‘మీరు ఎంచినవే’ అన్న పద్ధతి మేలు.

 

ఆస్ట్రేలియా ఇంకో దారి పట్టింది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ 16 లోపు పిల్లలకి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదు. పట్టించుకోని కంపెనీకి 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా జరిమానా, పిల్లలకీ తల్లిదండ్రులకీ శిక్ష లేదు. భారం కంపెనీ మీద పెట్టడం నాకు నచ్చింది. కానీ నాన్న ఖాతాతో నాన్న ఫోన్‌లో ఉన్న పిల్లల్ని ఏ నిషేధం పట్టుకుంటుంది? ఇరవై ఏళ్లుగా ఐరోపాలో పిల్లల ఇంటర్‌నెట్ వాడకాన్ని పరిశీలిస్తున్న సోనియా లివింగ్‌స్టన్ బృందాలు మళ్లీ మళ్లీ చూసింది ఒకటుంది: పూర్తిగా కట్టడి చేసిన ఇళ్లలో పిల్లలకి అపాయాలు తగ్గుతాయి, వాటితోపాటు నేర్చుకునే అవకాశాలూ, ఎదుర్కొనే నేర్పూ తగ్గుతాయి. పక్కన కూర్చుని చూసే ఇళ్లలో పిల్లలకి ఆ నేర్పు దక్కుతుంది. కట్టడి పసివయసుకి సరిపోతుంది. పద్నాలుగేళ్లవాడికి వాడి ఫోన్ పక్కన మీ కుర్చీ వేసుకోవాల్సిందే.

జరగరానిది జరిగిందే అనుకుందాం. డబ్బు కట్టకండి. కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఫిర్యాదు కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పెట్టొచ్చు. పిల్లల లైంగిక చిత్రాల ఫిర్యాదుకి పేరు చెప్పకుండా ఇచ్చే వీలు కూడా ఉంది. పిల్లలే నేరుగా మాట్లాడాలనుకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. కోపంలో చాట్ చెరిపేయడం, ఖాతా మూసేయడం చేయకండి, సాక్ష్యం పోతుంది. అవతలివాడి ప్రొఫైల్ లింకు, యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు, తేదీలు కనపడేలా స్క్రీన్‌షాట్లు తీసి, తర్వాత బ్లాక్ చేయండి.

స్టేషన్ అంటే భయపడే తల్లిదండ్రులకి, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ఏమంటుందో తెలియాలి. పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంట్లోనో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. ఆ సమయంలో యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. పేరు బయటికి రాకూడదు. కృత్రిమ మేధతో చేసిన చిత్రమైనా, చూడ్డానికి నిజమైన బిడ్డలా ఉంటే అది కూడా నేరమే. 2019 సవరణ ఆ మాట చేర్చింది. అలాంటివి దాచుకోవడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఇదే చట్టం మంచి ఉద్దేశంతో ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది. కంగారులో ఆ ఫొటోని బాబాయికో, స్కూల్ హెడ్మాస్టరుకో, ‘ఎవరో గుర్తుపడతారేమో’ అని గ్రూపులోకో పంపకండి. తెలిసిన కానిస్టేబుల్ వాట్సాప్‌కి కూడా వద్దు. ఫోన్ పట్టుకెళ్లి చూపించండి. పద్దెనిమిది నిండిపోయాక పాత ఫొటో ఒకటి బయటపడినా, అది తీసినప్పుడు వయసు పద్దెనిమిది లోపు అయితే టేక్ ఇట్ డౌన్ వాడుకోవచ్చు. ఆ తర్వాత వయసులో తీసిన ఫొటోలకి ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అని వేరే సేవ ఉంది, పనిచేసే తీరు అదే.